‘రచయిత’ అనే గడిలో

1904లో తమిళదేశం దక్షిణాన ఎట్టయపురం అనే చిన్న సంస్థానంలో ఒక తెలుగు పుస్తకం అచ్చయింది. పేరు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. రెండు సంపుటాలు కలిపి సుమారు 1700 పేజీలు. రాసింది సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229, వెంకటమఖి పేరుతో ప్రచారంలో వున్న లక్షణ గీతాలు, తానాలు, ఇంకా ఎందరివో రచనలు అందులో స్వరాలతో సహా వున్నాయి. తమిళనాట తెలుగు పుస్తకమేమిటని ఇవాళ ఆశ్చర్యపోతాం గానీ, అప్పట్లో అక్కడ సంగీతం నేర్చుకునేవాళ్ళకి తెలుగు చదవడం రావల్సిందే. ఆ పుస్తకం తమిళంలో రావడానికి 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ పని చేసింది.

నేనిక్కడ రాయబోయేది ఆ పుస్తకం గొప్పతనం గురించి కాదు. దాన్నీ, దాని చుట్టాల్లాంటి పాత స్వరపుస్తకాలనీ ఎవరైనా, ఎక్కడ్నించైనా, పైసా ఖర్చు లేకుండా చదువుకునేలా కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో పడ్డాక నాకు మాటిమాటికీ ఎదురైన ఒక గడి గురించి. పాట టైపు చేయడం అయిపోయాక వివరాలు నింపమంటుంది. రాగం, తాళం, భాష, అచ్చయిన సంవత్సరం. ఆ తర్వాత: రచయిత. మిగిలిన గడులన్నీ నిమిషంలో నిండుతాయి. ఈ ఒక్క గడి దగ్గర మేం నలుగురం ఆడవాళ్ళం కొన్నేళ్ళుగా పోట్లాడుకుంటున్నాం.

నేను హిందూపురంలో డిగ్రీ పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి, ఉద్యోగం అయిపోయాక లేపాక్షిలో వుంటున్నాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. పడని ఏళ్ళే నాకు ఎక్కువ గుర్తు. సెనక్కాయ పంట పోయిన ఏడు మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. బెంగుళూరు నాలుగు గంటల ప్రయాణం కూడా కాదు. పొయ్యేవాళ్ళు పోతారు, ముసలివాళ్ళూ పిల్లలూ మిగుల్తారు. ఇలాంటి చోట సంగీతం నేర్చుకోవాలనుకునే ఆడపిల్లకి ఏముంటుంది? గురువు లేరు. వున్నా, ఆ ఇంటి గడప దాకా ఏ కులం పిల్లలు వెళ్ళగలరో మీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకాలు పట్నంలో దొరుకుతాయి, చాలావరకు దొరకవు. కానీ ఫోను వుంది. పదో తరగతి చదివే మా పక్కింటి అమ్మాయి వాళ్ళమ్మ ఫోనులోనే సరళీ స్వరాలు, జంట వరసలు, గీతాలు చూసుకుంటూ నేర్చుకుంది. నేను వర్ణాల దాకా నేర్చుకుని పెళ్ళితో ఆపేసినదాన్ని కాబట్టి తప్పులు దిద్దడం వరకే నా వంతు. కాగితం మీదున్న పాట పిల్ల గొంతులోకి వెళ్ళడం కళ్ళారా చూశాక ఈ పని ఎంత అవసరమో నాకు అర్థమైంది.

మేం చేసేదేమిటో కొంచెం వివరంగా చెప్పాలి. 2000ల మొదట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో పాత పుస్తకాలని లక్షల సంఖ్యలో స్కాన్ చేశారు. దాని వెనకాల కార్నెగీ మెలన్‌లో పనిచేసిన, మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి వున్నారు, బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వున్నాయి. వేల తెలుగు పుస్తకాలు అలా బతికి బయటపడ్డాయి. ఆ సైటు 2017 ప్రాంతాల్లో ఆగిపోయినా చాలా పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వున్నాయి. నేను ఎవరినీ తక్కువ చేయడం లేదు. కాని వాటిని వెతికినవాళ్ళకి తెలుసు, తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేశారు. సరైన పేరుతో వెతికితే దొరకదు, ఏ తప్పు రాసి వుంటారో ఊహించి వెతకాలి. రచయిత పేరు వుండాల్సిన చోట కొన్నిసార్లు ఏమీ వుండదు.

పైగా స్వరపుస్తకానికి స్కాన్ సరిపోదు. స్కాన్ అంటే బొమ్మ. అందులో ఫలానా రాగం పాటలన్నీ చూపించమంటే చూపించదు. చిన్న ఫోనులో పేజీ పెద్దది చేస్తే సాహిత్యం కనిపించినప్పుడు పైనున్న స్వరం కనిపించదు. అందుకని అక్షరం అక్షరం మళ్ళీ టైపు చేస్తాం. మామూలు తెలుగు టైపు చేయడంలా వుండదది. పై స్థాయికి స్వరం మీద చుక్క, కింది స్థాయికి కింద చుక్క, వేగం రెట్టింపయితే పైన గీత. సుబ్బరామ దీక్షితుల పుస్తకంలో వీటికి తోడు గమకాల గుర్తులు. కంపితానికి మెలిక గీత, స్ఫురితానికి మూడు చుక్కలు, నొక్కుకీ, రవకీ, ఎక్కుజారుకీ, దిగుజారుకీ వేరువేరు గుర్తులు. గొంతు ఎక్కడ వణకాలో ఎక్కడ జారాలో అంత వివరంగా అంతకుముందు తెలుగులో ఎవరూ అచ్చు వేయలేదు. 1904లో సీసపు అచ్చులతో ఇవన్నీ కూర్చిన కార్మికుల్ని తల్చుకుంటాను. ఇప్పటి యూనికోడ్ ఫాంట్లు కూడా వాళ్ళంత బుద్ధిగా మాట వినవు. చుక్క అక్షరం మీద నిలవకుండా పక్కకి జారిపోయి గుండ్రంగా చుక్కల వలయం వేసుకుని కూర్చుంటుంది.

మాకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్ళున్నారు. కెనడాలో గణితం బోధించిన పి.పి. నారాయణస్వామి, విద్యా జయరామన్ కలిసి ‘ప్రదర్శిని’ని ఇంగ్లీషు లిపిలోకి మార్చి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టారు. పాశ్చాత్య సంగీతం వైపు చూస్తే 2006లో ఎడ్వర్డ్ గువో అనే సంగీత విద్యార్థి మొదలుపెట్టిన ఐఎంఎస్‌ఎల్‌పి వుంది. 1501లో వెనిస్‌లో మొదటిసారి కదిలే అచ్చులతో బహుళ స్వరాల సంగీతాన్ని ముద్రించిన పెత్రూచీ పేరు ఆ గ్రంథాలయానికి పెట్టుకున్నారు. 2007 అక్టోబరులో వియన్నాలోని ఒక పెద్ద ప్రచురణ సంస్థ కాపీరైటు నోటీసు పంపితే అది మూతపడింది. కెనడా చట్టం ప్రకారం తప్పు కానిది యూరప్ చట్టం ప్రకారం తప్పవుతుందని గొడవ. 2008 మధ్యలో మళ్ళీ తెరుచుకుంది. ఒక కుర్రాడు, కొంతమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కలిసి సంగీత ప్రచురణకర్తల రెండు మూడు శతాబ్దాల పెత్తనాన్ని కదిలించారు.

మన దగ్గర ఆ పెత్తనం ప్రచురణకర్తలది కాదు, ఇళ్ళది. పాట ఒక ఇంటి ఆస్తి. కొడుక్కో, ఇష్టమైన శిష్యుడికో ఇస్తారు. ఇవ్వకుండా చచ్చిపోవడం కూడా మర్యాదే. 19వ శతాబ్దం మధ్య నుంచి మద్రాసులో తెలుగు లిపిలో స్వరపుస్తకాలు అచ్చవడం మొదలయ్యాక ఈ గోడ పగిలింది. వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహము’, ఆ తర్వాత తచ్చూరు సింగరాచార్యుల అన్నదమ్ముల ‘గాయక పారిజాతం’, ఇంకా వాళ్ళ పుస్తకాల వరస. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రతివాడికీ పాట దొరుకుతుంది. ఇది చిన్న మార్పేం కాదు. అచ్చు పుస్తకాలు చూసి సంగీతం చెడిపోతోందని విద్వాంసులు గుండెలు బాదుకున్నారంటే, ఎవరి చేతుల్లోంచి ఏది జారిపోతోందో అర్థం చేసుకోవచ్చు.

సుబ్బరామ దీక్షితుల పుస్తకం రావడానికి కూడా ఒక బయటివాడే కారణం. ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు మద్రాసు సచివాలయంలో ఉద్యోగి, క్రైస్తవుడు. మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో రాసి ప్రపంచానికి ఇవ్వాలని ఆయన పట్టుదల. 1893 నుంచి భాగాలుగా వేశాడు. చూపు పోతూ, ఆరోగ్యం చెడుతూ, ఇక తన వల్ల కాదనిపించాక దీక్షితుల దగ్గరున్న సంపదంతా పుస్తకంగా తెప్పించమని ఎట్టయపురం రాజుని బతిమాలాడు. తన పేరు ముఖపత్రం మీద లేకపోయినా ఆయన కథ అందరికీ తెలుసు. మగవాళ్ళ విషయంలో తెర వెనక సాయం కూడా చరిత్రలోకి ఎక్కుతుంది.

సుబ్బరామ దీక్షితుల వంశవృక్షం గీయండి. ముత్తుస్వామి దీక్షితులు, ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, బాలుస్వామి కొడుకు సుబ్బరామ దీక్షితులు. కొడుకంటే దత్తపుత్రుడు. నిజానికి ఆయన బాలుస్వామి కూతురు అన్నపూర్ణి కొడుకు. మనవణ్ణే కొడుకుగా చేసుకున్నాడు తాత. దత్తత కాగితం పూర్తయ్యే సరికి, ఈ సంగీతాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి రక్తంతో కలిపిన ఒకే ఒక్క మనిషి వరసలోంచి మాయమైంది. ఆమె పాడేదా? ఆ ఇంట్లో పుట్టి పాట చెవిన పడకుండా ఎట్లా పెరుగుతుంది? దీక్షితుల శిష్యుల జాబితాలో తిరువారూరు కమలం, వళ్ళలార్‌కోయిల్ అమ్మణి అనే ఇద్దరు దేవదాసీల పేర్లు చెప్తారు. కమలం తన బంగారు గాజులు గురువు ఇంటి ఖర్చుకి ఇవ్వబోయిందనీ, ఆయన వద్దని లక్ష్మి మీద కృతి పాడారనీ సంగీతం నేర్చుకునే పిల్లలందరికీ కథగా చెప్తారు. గురువు నిరాశని చూపించడానికి ఆమె గాజులు పనికొచ్చాయి. ఆమె పాఠం ఏమైందో ఆ కథలో లేదు.

పదాలూ జావళీల దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంకా తేడాగా కనిపిస్తుంది. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు మూడు వందల ఏళ్ళు ఎవరి గొంతులో బతికాయి? తంజావూరులో, మద్రాసులో, మన గోదావరి కృష్ణా జిల్లాల్లో నాట్యం వృత్తిగా వున్న స్త్రీల గొంతులో, అభినయంలో. గౌరవనీయులు వాటిని సాహిత్యంగా అచ్చు వేసుకున్నప్పుడు పక్కన క్షేత్రయ్య పేరు వేశారు, సేకరించినవాడి పేరు వేశారు, పరిష్కర్త పేరు, పీఠిక రాసినవాడి పేరు, డబ్బిచ్చిన జమీందారు పేరు బిరుదులతో సహా వేశారు. పాడి వినిపించిన ఆమెది లేదు. వున్నా పీఠికలో ‘ఒక వేశ్య వలన వింటిని’ తరహాలో ఒక ముక్క.

దీనికి ఎదురుగా నిలబడే పుస్తకం ఒకటుంది. 1960లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వేసిన జావళీల సంపుటి. స్వరపరిచి ఇచ్చింది టి. బృంద. ఆమె వీణ ధనమ్మాళ్ (1867–1938) మనవరాలు. మద్రాసు జార్జిటౌన్‌లో ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రం వీణ వినడానికి మహా విద్వాంసులు చాప మీద కూర్చునేవాళ్ళు. ఆ ఇంట్లో పాట అమ్మమ్మ నుంచి తల్లికి, పిన్నికి, మనవరాళ్ళకి వచ్చింది. బృంద, ముక్త, నాట్యంలో బాలసరస్వతి. అయితే ఇక్కడ స్త్రీల పరంపర అని ఒక అందమైన గీత గీసేసి సంతోషపడటం నాకు ఇష్టం లేదు. ధనమ్మాళ్ క్షేత్రయ్య పదాలు నేర్చుకుంది వాలాజాపేట బాలకృష్ణదాసు అనే అంధ గాయకుడి దగ్గర. బృంద కాంచీపురం నాయనా పిళ్ళె దగ్గర కూడా నేర్చుకుంది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి మగ గురువులున్నారు, మగ విద్వాంసులు ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. మొదటిదాన్ని చరిత్ర రాసుకుంది. రెండోదాన్ని మర్యాదగా మర్చిపోయింది. బృంద మాత్రం తన ఇంటి పాటని తన పేరుతో కాగితం మీద పెట్టగలిగింది. 1976లో అకాడమీ ఆమెకి సంగీత కళానిధి ఇచ్చింది.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) గురించి ఈ పత్రిక పాఠకులకి మళ్ళీ చెప్పాలా అని సందేహించాను. త్యాగరాజు సమాధి దగ్గర ఆడవాళ్ళు పాడే హక్కు కోసం ఆమె చేసిన పోరాటమూ, 1910లో వావిళ్ళవారి ద్వారా ‘రాధికా సాంత్వనము’ వేస్తే 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోవడమూ, 1947లో నిషేధం తొలగడమూ మనందరికీ తెలిసినవే. సూసీ తారు, కె. లలిత సంకలనం వచ్చిన 1991 నుంచి మన తరమంతా ఈ కథ దగ్గరే చదువు మొదలుపెట్టింది. నేను చూడమంటున్నది వేరే. పైడిపాటి వెంకటనరసు 1887లో వేసిన ప్రతిలో ముద్దుపళని తన వంశం గురించి, తన అమ్మమ్మల గురించి చెప్పుకున్న పీఠిక లేదు. శృంగారం మితిమీరిందనుకున్న పద్యాలు తీసేశారంటే ఒక రకంగా అర్థమవుతుంది, నీతి పేరు చెప్పుకుంటారు. మరి పీఠికలో ఏం అశ్లీలం వుంది? నా తల్లి ఫలానా, ఆమె తల్లి ఫలానా అని ఒక వేశ్య చెప్పుకోవడమే అక్కర్లేనిదిగా కనిపించింది. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి ఆ భాగాన్ని తిరిగి చేర్చింది. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే ‘రచయిత’ గడిని సరిచేసింది.

పాశ్చాత్యుల దగ్గరా ఇదే. ఫెలిక్స్ మెండెల్సోన్ తన పేరుతో అచ్చువేసిన పాటల్లో ఆరు, ఆయన అక్క ఫానీవి. 1842లో విక్టోరియా రాణి తనకిష్టమైన మెండెల్సోన్ పాటంటూ ఒకటి పాడి వినిపిస్తే, అది మా అక్కదని ఒప్పుకోక తప్పలేదాయనకి. ఫానీకి కాగితం వుంది, ఉత్తరాలున్నాయి, తమ్ముడి ఒప్పుకోలు వుంది. కనక ఇవాళ గడి మార్చడం తేలిక. మనకి కాగితం లేని చోటే ఎక్కువ.

కాగితం లేదంటే, మా ఊళ్ళో రాయి వుంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడి నాట్యమండపం మీలో చాలామంది చూసే వుంటారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. స్తంభాల మీద తుంబురుడు వీణతో, బ్రహ్మ మద్దెలతో, నంది హుడుక్కతో కొలువుదీరి వుంటారు. మూడు కాళ్ళ భృంగి నాట్యం చెప్తుంటాడు. ఆడుతున్నది రంభ. వచ్చిన యాత్రికులకి గైడ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ తోసి చూపించి, విరూపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకేసి కొట్టిన కథ చెప్పి, రంభ దగ్గర రెండు నిమిషాలు ఆగి ముందుకు తీసుకుపోతారు. శిల్పి రంభని చూసి చెక్కలేదు కదా. ఆ మడమ ఎత్తు, ఆ నడుము వంపు ఎక్కడో ఒక గుళ్ళో ఆడుతున్న ఒక మనిషివి. కట్టించినవాళ్ళ పేర్లు మిగిలాయి. ఆడిన ఆమెకి మాత్రం దేవలోకపు పేరు తగిలించేశారు. అప్సరసని చేశారు కదా, గౌరవమే కదా అంటారు కొందరు స్నేహితులు. అప్సరసకి ఇంటిపేరు వుండదు, జీతం వుండదు, వారసులుండరు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనాలి. దేవదాసి అనగానే మనకి తంజావూరు, ధనమ్మాళ్ ఇల్లు, వీణ గుర్తొస్తాయి. మా జిల్లా పడమటి తాలూకాల్లో బసివిరాలుగా గుడికి వదిలేసిన దళిత ఆడపిల్లల పాటలకి స్వరం రాసినవాళ్ళు లేరు, రాయాలని ఎవరికీ తోచలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. ఆచారం ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు నడిచింది. మేం కట్టుకుంటున్నది శాస్త్రీయ సంగీత గ్రంథాలయం. ఆ ‘శాస్త్రీయ’ అనే మాట మమ్మల్ని గడప దగ్గరే ఆపేస్తుంది. మాలో ఒకామె, ఆమె మాదిగ కుటుంబం నుంచి వచ్చి ఎం.ఏ. తెలుగు చదువుకుంది, మొదటి రోజే అడిగింది: ‘‘అక్కా, రాసిపెట్టిందే పాటయితే మా అవ్వ పాడిందేమి?’’ దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె మాతో పనిచేస్తూనే, ఆ ప్రశ్న అలాగే వదలకుండా, తన ఊరి పాటలు వేరుగా రికార్డు చేసుకుంటోంది.

ఇక కాపీరైటు. మన చట్టంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళు హక్కు వుంటుంది. సుబ్బరామ దీక్షితులు 1906లో పోయారు, ఆయన పుస్తకం అందరిదీ. నాగరత్నమ్మ రాసినవి 2013 నుంచి అందరివీ. బృంద 1996లో పోయింది, ఆమె పేరున్న పుస్తకం ముట్టుకోడానికి 2057 రావాలి. మా జిల్లా రాళ్ళపల్లి ఊరికి చెందిన అనంతకృష్ణశర్మగారి (1893–1979) విషయం ఇంకా చిత్రం. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు తప్ప స్వరం లేదు. శర్మగారు ఎన్నో కీర్తనలకి కొత్తగా స్వరాలు కట్టారు. మాటలు 1503లో పోయిన అన్నమయ్యవి, ఎవరైనా వాడుకోవచ్చు. బాణీ శర్మగారిది, 2040 దాకా ఆగాలి. అనంతపురం పిల్లలకి అనంతపురం మనిషి కట్టిన పాటని మేం ఇవ్వలేం. సరే, చట్టం చట్టమే, ఆగుతాం. నాకు కోపం ఎక్కడంటే, ఈ చట్టం రాసినవాణ్ణి రచయితగా గుర్తిస్తుంది. పాడి రాయించినామెని గుర్తించదు. ఒక ముసలామె తన ఇంటి పదం ఒక పండితుడికి పాడి వినిపిస్తే, ఆయన స్వరం రాసుకుంటే, ఆయన మనవళ్ళకి హక్కు వస్తుంది. ఆమె మనవరాలికి రాదు.

అందుకని మా గ్రంథాలయంలో ఒక గడిని మూడు చేశాం. వాగ్గేయకారులు, స్వరం రాసినవారు, పాఠం ఎవరిది. మూడో గడి నింపడానికి పీఠికలన్నీ భూతద్దం పెట్టి చదివాం. కృతజ్ఞతల్లో, అధోజ్ఞాపికల్లో, ఎక్కడ ఒక స్త్రీ పేరు కనిపించినా తెచ్చి అక్కడ పెట్టాం. పేరు లేని చోట ‘పేరు నమోదు కాని నర్తకి’ అని రాయాలని నా వాదన. ఖాళీ వదిలితే అక్కడ ఎవరూ లేరనుకుంటారు. మాలో కంప్యూటర్ పని చూసే ఆమె ఒప్పుకోలేదు. ఆధారం లేనిది రాస్తే మనమూ రంభని చెక్కినట్టే కదా మేడం అంది. నాకు నచ్చకపోయినా ఆ మాట సబబే. చివరికి ఆ పాటని ఒక స్త్రీ దగ్గర విన్నామని పుస్తకమే చెప్పిన చోట మాత్రం అలా రాస్తున్నాం.

అనుకోనిది ఆ తర్వాత జరిగింది. రాజమండ్రిలో ఒక సెమినార్‌కి వెళ్ళినప్పుడు, నా పాత విద్యార్థిని ఒకామె గోదావరి పక్క ఒక ఊళ్ళో కళావంతుల ఇంటి పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎనభై దాటాయి. గొంతు సన్నగా వుంది కాని శృతి తప్పదు. కూర్చున్న చోటే చేత్తో అభినయం పట్టి రెండు పదాలు పాడింది. అందులో ఒకటి అచ్చు పుస్తకాల్లో వున్నదే, కాని చరణం నడక పూర్తిగా వేరు. తాళానికి ఆనకుండా వెనకనే తేలుతూ వచ్చి చివర కలుస్తుంది. అలాంటిది కాగితం మీద పెట్టడం నాకు చేతకాలేదు. ఆవిడ మూడుసార్లు నిదానంగా చెప్పి రాయించింది. అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. అమ్మమ్మ పేరు అడిగాను. చెప్పింది. రాసుకుంటుంటే చెయ్యి పట్టుకుంది.

‘‘పాట పెట్టుకో అమ్మా. పేరొద్దు.’’

‘‘మీ అమ్మమ్మగారి పేరు నలుగురికీ తెలియాలి కదా మామ్మగారూ’’ అన్నాను.

‘‘తెలిసినన్నాళ్ళూ తెలిసింది చాలు. నా మనవరాలు బ్యాంకులో పన్జేస్తంది. పెళ్ళి సంబంధం చూస్తన్నారు. నీ కంప్యూటర్లో మా ఇంటిపేరు కొడితే ఏమొస్తదో వాళ్ళకి తెలీదా?’’

1947 మద్రాసు చట్టం తర్వాత ఆ కుటుంబాలు ఎలా బతికాయో నేను పుస్తకాల్లో చదివాను. దవేష్ సొనేజీ 2012లో వేసిన పుస్తకంలో గోదావరి జిల్లాల కళావంతుల స్త్రీలు తలుపులేసుకుని, తమలో తాము, ఎవరూ చూడకుండా పాత పాటలు పాడుకోవడం గురించి వుంది. చదివినప్పుడు ఆ తలుపుల అవతల వున్నవాళ్ళ గురించి బాధపడ్డాను. ఆ రోజు తలుపు ఇవతల, చేతిలో పెన్నుతో నేనున్నాను. పేర్లు చెరిపేసినవాళ్ళ మీద నాకున్న కోపమంతా ఆవిడకేం ఉపయోగం? ఉచితంగా, అందరికీ, ఎప్పటికీ అనే మాటలు నాకు ఎంత ముద్దొచ్చినా, ‘అందరికీ’లో పెళ్ళి సంబంధాలు ఆరాతీసే వాళ్ళు కూడా వున్నారు. అచ్చు పుస్తకమైతే ఎక్కడో లైబ్రరీలో దుమ్ములో పడివుంటుంది. ఇది ఎవరి జేబులోనైనా వుంటుంది.

ఊరికి వచ్చాక మేం నలుగురం కూర్చున్నాం. మాలో పెద్దామె, సంగీతం టీచరుగా చేసి మానేసిన ఆమె, పాట కూడా పెట్టొద్దు, పేరు లేకుండా పెడితే పాత పండితులకీ మనకీ తేడా ఏముంది అంది. ఎం.ఏ. చదివిన ఆమె, తేడా వుంది, వాళ్ళు అడగలేదు, ఇక్కడ ఆవిడే వద్దంది అంది. రాత్రి దాకా నడిచింది. నేను ఆవిడకి మళ్ళీ ఫోను చేసి, పాట పెట్టడం ఇష్టమేనా అని ఇంకోసారి అడిగాను. ‘‘పాట నేనెందుకిచ్చాను మరి, పెట్టెలో దాచుకోడానికా’’ అని కసిరింది.

ఆ పదం ఇప్పుడు మా దగ్గర వుంది. వాగ్గేయకారుల గడిలో క్షేత్రయ్య. స్వరం రాసినవారు అన్నచోట నా పేరు రాయబోతే అందరూ వద్దన్నారు, నిజమే, చెప్పి రాయించింది ఆవిడ. అక్కడ ‘పాఠం ఇచ్చినవారే’ అని పెట్టాం. మూడో గడిలో ‘ఇచ్చినవారు పేరు వద్దన్నారు’ అని వుంది. ఊరు, జిల్లా, తేదీ వేయలేదు. రికార్డింగ్ పెట్టలేదు, గొంతు గుర్తుపట్టేవాళ్ళుంటారు కనక. ఆ అమ్మమ్మ పేరున్న కాగితం నా బీరువాలో కవర్లో వుంది. కవరు మీద, ఆ మనవరాలు అడిగితే ఆమెకి ఇవ్వమని రాశాను.